గోదావరి డెల్టా కట్టాలంటే ఏ సిటీ గేమ్? సిటీస్: స్కైలైన్స్ 1, 2, సిమ్‌సిటీ 4, ఇంకేమైనా ఉన్నాయా

#1 అరటి_గెల
అందరికీ నమస్కారమండి. కట్టాల్సింది ఇది: ధవళేశ్వరం ఆనకట్ట, దాని దిగువన గౌతమి, వసిష్ఠ చీలిక, మధ్యలో లంకలు, రెండు వైపులా ఏటిగట్టు, గట్టు వెనక కాలువలు, ఒక మోస్తరు పట్నం. యంత్రంలో ఆరు కోర్ల ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కొనేది ఒక్క గేమే. కొత్తది కాబట్టి అదే తీసుకో అనే జవాబు మాత్రం వద్దండి. బల్లపరుపు నేల మీద ఏ గేమ్‌లో నీళ్లు సరిగా పారతాయి, ఏది చేతులెత్తేస్తుంది? అది చెప్పండి చాలు.

#2 లాకుల_గుమాస్తా
మొత్తం డెల్టా ఏ గేమ్‌లోనూ పట్టదండి, ఆ ఆశ ముందే వదిలెయ్యండి. స్కైలైన్స్ 1 మ్యాప్ మొత్తం కలిపి 17.28 కిలోమీటర్ల చదరం. అందులో కట్టుకోనిచ్చేది నడిమి 25 పలకలు, ఒక్కోటి 1.92 కిలోమీటర్ల చదరం. మామూలుగా ఆ 25లో 9 మాత్రమే కొననిస్తుంది, మిగతావాటికి మోడ్ (ఆడేవాళ్లు తయారుచేసిన అదనపు చేర్పు) కావాలి. రాజమండ్రి దక్షిణపు కొస నుంచి ఆనకట్ట నాలుగు భాగాలు దాటి విజ్జేశ్వరం దాకా హాయిగా సరిపోతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగూ ఒకే తెరలో కనిపిస్తాయి. అంతర్వేది మాత్రం ఇంకో మ్యాపే.

ఇక అసలు సంగతి ఎత్తుల చిత్రం, అంటే చుక్క ఎంత తెల్లగా ఉంటే అక్కడ నేల అంత ఎత్తని గేమ్‌కు చెప్పే బొమ్మ. స్కైలైన్స్ 1కి 1081 × 1081 పిక్సెళ్ల బూడిదరంగు పీఎన్‌జీ ఇవ్వాలి, పిక్సెలుకు 16 మీటర్లు. అది తప్పనిసరిగా 16 బిట్లది కావాలి. ఎత్తు 0 నుంచి 1024 మీటర్ల దాకా పోతుంది కాబట్టి 16 బిట్లలో ఒక్కో మెట్టు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పడుతుంది. పొరపాటున 8 బిట్లలో దాచారంటే 256 మెట్లే మిగులుతాయి, ఒక్కో మెట్టు 4 మీటర్లు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, మూడోది 17.75. మధ్య తేడా ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు. మూడు హెచ్చరికలూ ఒక్క మెట్టులోనే మునిగిపోతాయి! కొండల మ్యాపులో ఈ తప్పు కంటికి ఆనదు. మన డెల్టాలో అయితే చేలన్నీ మేడ మెట్లలా కనిపిస్తాయి.

బొమ్మలు దిద్దే చాలా సాఫ్ట్‌వేర్లు దాచేటప్పుడు చెప్పకుండా 8 బిట్లకు దించేస్తాయి. ఎగుమతి చేసే పెట్టెలో 16 అని ఉందో లేదో చూసుకోండి.

#3 కొబ్బరి_పీచు
గుమాస్తాగారు చెప్పినదానికి ఒక తోక. ఎత్తుల సమాచారం అందరూ తీసేది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక రాడారుతో కొలిచిన ఎస్ఆర్‌టీఎం నుంచే. ఆ రాడారు నేలను కొలవదు, ముందు తగిలినదాన్ని కొలుస్తుంది. కోనసీమలో ముందు తగిలేది కొబ్బరి మట్ట. అందుకే తోటలున్న లంకలు పక్క వరిచేల కన్నా ఎన్నో మీటర్లు ఎత్తున గుట్టల్లా వస్తాయి. ఆ గుట్టలను అలాగే వదిలేస్తే వరదొచ్చినప్పుడు లంకలు పొడిగా ఉంటాయి, పట్నం మునుగుతుంది. సరిగ్గా తలకిందులు.

సరిచేసే పద్ధతి: చిత్రం తెరిచి తోటలున్న చోట్లను ఎంపిక చేసి, చుట్టూ ఉన్న చేల ఎత్తుకు దించండి. ఆ తర్వాతే మొత్తానికి కొద్దిగా మసక (బ్లర్) వెయ్యండి, ఎందుకంటే ఆ సమాచారం పూర్తి మీటర్లలో వస్తుంది, మీటరు మెట్లు కూడా కనిపిస్తాయి. ఈ వరస తిరగెయ్యకండి. ముందే మసక వేస్తే తోట గుట్ట అంచు చేలల్లోకి పాకేస్తుంది, తర్వాత ఏరడం మహా చిరాకు. ఏటి అడుగు అసలు ఆ సమాచారంలో ఉండదు, నీటి పైమట్టమే ఉంటుంది. నది గొయ్యి మనమే తవ్వుకోవాలి.

#4 పంటు_రేవు
ఇంత తంటా ఎందుకండీ? సిమ్‌సిటీ 4 ఉంది కదా. 2003 నాటిది, ఇవాళ్టి ఏ లాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. ప్రాంతం మొత్తాన్ని ముక్కలుగా పెట్టుకోవచ్చు: చిన్న ముక్క 1 కిలోమీటరు చదరం, మధ్యది 2, పెద్దది 4. ప్రాంతం కొలతకు మీరే రంగుల చిత్రం గీసుకోవాలి: పిక్సెలుకో కిలోమీటరు, ఎరుపంటే చిన్నది, ఆకుపచ్చంటే మధ్యది, నీలమంటే పెద్దది. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నిజంగా పట్టేది ఇందులోనే. పైన #2లో ఏ గేమ్‌లోనూ పట్టదన్నారు, అది తప్పు.

#5 లాకుల_గుమాస్తా
పట్టుతుందండీ, ఒప్పుకున్నాను, మాట వెనక్కి తీసుకుంటాను. కానీ పారదు. సిమ్‌సిటీ 4లో నీళ్లు ఒక్క సముద్రమట్టం దగ్గర పరిచిన గాజుపలక. దానికన్నా కింద నేల ఉంటే నీళ్లు, పైన ఉంటే నేల. ఆనకట్టకు ఎగువ మట్టం, దిగువ మట్టం అని రెండు ఉండవు. ఆనకట్ట అనేది బొమ్మే అవుతుంది. పైగా బూడిదరంగు చిత్రంలో మెట్టుకు 3 మీటర్లు.

#6 పంటు_రేవు
నీళ్ల సంగతి నిజమే. కానీ ఊళ్ల మధ్య రాకపోకల లెక్క దీన్ని మించింది లేదు. ఒక ముక్కలో ఇల్లు, పక్క ముక్కలో ఉద్యోగం, రోజూ వెళ్లి రావడం. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం లాంటి ఊళ్ల గొలుసు కట్టాలంటే ఇదే.

తీసుకునేవారికి మూడు జాగ్రత్తలు. ఒకటి, గేమ్‌ను ఒకే ప్రాసెసర్ కోరుకు కట్టెయ్యాలి, లేకపోతే ఉన్నట్టుండి మూసుకుపోతుంది. రెండు, నెట్‌వర్క్ యాడాన్ మోడ్ తప్పనిసరి, అసలు గేమ్‌లోని దారి వెతికే లెక్క బలహీనం. ఆ మోడ్ పెద్దది కాబట్టి గేమ్ 4 జీబీ దాకా వాడుకునేలా చేసే ప్యాచ్ కూడా వెయ్యాలి. మూడు, మూడు నాలుగు ముక్కల రోడ్లను వలయంలా కలపకండి. ఉద్యోగి ఒక ముక్క అంచు దాటి రెండోదాంట్లోకి, అక్కణ్నుంచి మూడోదాంట్లోకి పోయి మళ్లీ మొదటికి వస్తాడు. ఎక్కడా పని చెయ్యడు, ప్రతి ముక్కలోనూ లెక్కకొస్తాడు. గోళ్లు కొరుక్కుంటూ ఆఫీసులు కడుతూ పోతారు, ఎందుకు ఖాళీగా ఉన్నాయో తెలియదు. ముక్కల మధ్య దారులు చెట్టు కొమ్మల్లా ఉండాలి, చక్రంలా కాదు.

#7 గేటు_నంబరు_175
స్కైలైన్స్ 2 గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటండీ? ఎత్తుల చిత్రం 4096 × 4096, పిక్సెలుకు 3.5 మీటర్లు. 16 మీటర్ల పిక్సెల్‌లో మన పంట కాలువ ఒక చుక్క. 3.5లో అయితే కాలువకు అడుగు, రెండు గట్లు, పక్కన పుంత కూడా వస్తాయి. కొనుక్కోవడానికి 441 పలకలు. డెల్టాకు సన్నని గీతలే ప్రాణం కాబట్టి నా ఓటు దీనికే.

రోడ్ల మీద కూడా తేడా చాలా ఉంది. స్కైలైన్స్ 1లో బండి బయలుదేరేటప్పుడే దారి, వరస (లేన్) నిర్ణయించుకుంటుంది, మధ్యలో మార్చుకోదు. రెండు కిలోమీటర్ల అవతల ఎడమకు తిరగాలంటే ఇప్పుడే ఎడమ వరసలో నిలబడుతుంది. మూడు వరసల వంతెన మీద ఒక్క వరసే నిండి రెండు ఖాళీగా ఉండేది అందుకే. స్కైలైన్స్ 2లో బండి సమయం, సౌకర్యం, ఖర్చు, నడిపేవాడి తీరు నాలుగూ చూసి దారి ఎంచుకుంటుంది, వరస మారుతుంది, అడ్డం పడితే వెనక్కి తిప్పుకుంటుంది.

#8 పూతరేకు_216
175 గారూ, 6 జీబీ కార్డు అని అడిగినాయన చెప్పారు కదండీ. 2023 అక్టోబరు 24న విడుదలైనప్పుడు సిఫారసు చేసిన కార్డు 10 జీబీ ఆర్‌టీఎక్స్ 3080. తర్వాత ప్యాచీలతో బాగుపడింది, కాదనను. నడుస్తుంది, కానీ ఇవన్నీ తీసెయ్యాలి: దూరపు మసక (డెప్త్ ఆఫ్ ఫీల్డ్), కదలిక మసక (మోషన్ బ్లర్), పొగమంచు నాణ్యత పూర్తిగా ఆపు. వివరాల స్థాయి తక్కువలో పెట్టు. నీడలు మధ్యస్థం చాలు.

అప్పటికీ బొమ్మ సంగతే తేలుతుంది. జనాభా లక్ష దాటాక మందగించేది లెక్క, అది ప్రాసెసర్ పని. మూడో వేగం నొక్కినా గడియారం మొదటి వేగంలోనే నడుస్తుంటుంది. కార్డు మార్చినా అది మారదు. కాబట్టి ఆరు కోర్ల మీద పట్నాన్ని లక్ష లోపు ఆపుకోవడానికి సిద్ధపడితేనే స్కైలైన్స్ 2.

ఇంకో మాట. యూట్యూబులో దొరికే సలహాల్లో సగం 2024 జూన్‌కు ముందువి. ఆ నెల వచ్చిన ప్యాచ్‌లో ఆర్థిక లెక్క మొత్తం మార్చేశారు. అంతకుముందు నష్టం వస్తే ప్రభుత్వ సాయం పేరిట ఖజానా దానంతటదే నిండేది. ఇప్పుడు ఆ సాయం లేదు. పాత వీడియో చూసి మొదటి గంటలోనే ఆసుపత్రి, కాలేజీ, అగ్నిమాపక కేంద్రం కట్టేస్తే రెండో గంటకి దివాలా. మొదట నీళ్లు, కరెంటు, చిన్న క్లినిక్, బడి. మిగతాది పన్నులొచ్చాక.

#9 గేటు_నంబరు_175
ఆయ్, అది ఒప్పుకుంటాను. ఒక సంగతి మాత్రం కలుపుతాను. స్కైలైన్స్ 2లో బండి నిలపడానికి చోటు నిజంగా కావాలి. మొదటి గేమ్‌లో దిగినవాడు కారు మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఇందులో చోటు దొరక్కపోతే వీధి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, ఆ తిరుగుడే ట్రాఫిక్. అందంగా ఉంటుందని రోడ్డు పక్కన చెట్లు, వెడల్పు కాలిబాట వేశారంటే ఆ పక్క పార్కింగ్ ఎగిరిపోతుంది. మెయిన్ రోడ్డంతా చెట్లు నాటి, ఊరు ఎందుకు ఇరుక్కుందని అడిగేవాళ్లు ఎక్కువ.

బళ్లు ఎడమ వైపు నడవాలంటే రెండు స్కైలైన్స్‌లోనూ కొత్త ఆట మొదలెట్టేటప్పుడే టిక్కు పెట్టాలి. తర్వాత మార్చడానికి గేమ్‌లో మీట లేదు.

#10 అరటి_గెల
చాలా థాంక్సండి. స్కైలైన్స్ 1 ఎడిటర్‌లో 16 బిట్ల చిత్రం ఎక్కింది, తోటలు దించడం కూడా అయింది. నీటి మూలం పెట్టి వదిలితే ఇరవై నిమిషాల్లో లంకలన్నీ మునిగి, గట్టు దాటి చేలల్లోకి వచ్చేస్తున్నాయి. ప్రవాహం తగ్గిస్తే నది ఎండి గుంటలు మిగులుతున్నాయి. మధ్యస్థం దొరకట్లేదు.

#11 లాకుల_గుమాస్తా
దొరకదండి, ఎందుకంటే తప్పు ప్రవాహంలో లేదు, అడుగులో ఉంది. నది అడుగును ఒకే లోతున తవ్వి ఉంటారు. గేమ్‌లో నీళ్లు ఒక గడి నుంచి పక్క గడికి పోవాలంటే మట్టం తేడా కావాలి. అడుగు చదునుగా ఉంటే ఆ తేడా కోసం నీళ్లు ఎగువన పోగుపడి పైకి లేస్తాయి. అదే మీ వరద.

ఇలా చెయ్యండి. సముద్రమట్టం ఎడిటర్‌లో మామూలుగా 40 మీటర్లు, దాన్ని కదపకండి. చేల ఎత్తు 50 దగ్గర పెట్టండి. ఎగువ అంచులో నది అడుగు 44, సముద్రం వైపు అంచులో 28. మధ్యలో వాలు పనిముట్టుతో ఒకే గీత లాగండి. నిజం డెల్టా ఇంత వాలు కాదు, తెలుసు. గేమ్ కోసం ఈ అబద్ధం తప్పదు. పైన చేలు చదునుగా ఉన్నంతవరకు చూసేవాడికి తెలియదు.

గట్టు సంగతి: నీటి లెక్క 16 మీటర్ల గడుల మీద జరుగుతుంది. ఒక్క గడి వెడల్పు గట్టు వేస్తే మూలల్లో కారుతుంది. రెండు గడులు, అంటే 32 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. కాలువలు మూడు గడుల కన్నా సన్నగా తవ్వితే పారవు, తేమ మచ్చలా మిగులుతాయి. సన్నని కాలువ కావాలంటే కట్టడాల్లో ఉన్న రెడీమేడ్ కాలువనో, ఉత్త అలంకారపు నీటినో వాడుకోండి.

పాయ చీలేచోట ఒక కిటుకు ఉంది. గౌతమి, వసిష్ఠ రెండింటి అడుగూ ఒకే ఎత్తున పెడితే నీళ్లు తిన్నగా ఉన్న పాయలోకే ఎక్కువ పోతాయి, వంకర పాయ మెల్లగా పలచబడుతుంది. వంకర పాయ నోటి దగ్గర అడుగు ఒక మీటరు లోతు చెయ్యండి, సర్దుకుంటుంది. మూలం మొదట సగంలో పెట్టి, సముద్రం దాకా చేరాక పెంచండి. నీళ్లు కదలకుండా నిలబడ్డాకే మ్యాప్ దాచాలి. పారుతుండగా దాచితే ఆట మొదలెట్టగానే ఆ అల ఊరి మీదికొస్తుంది.

#12 కొబ్బరి_పీచు
ఆనకట్ట గురించి కూడా చెప్పేయండి గుమాస్తాగారూ. చాలామంది గేమ్‌లోని జలవిద్యుత్ ఆనకట్ట తెచ్చి అక్కడ పెడతారు.

#13 లాకుల_గుమాస్తా
పెట్టకూడదండి. ఆ ఆనకట్ట నీళ్లను కొండ లోయలో ఆపడానికి. మన దగ్గర రెండు పక్కలా కొండలేవి? ఎగువ మట్టం ఒడ్డుకన్నా పైకి లేచి, నీళ్లు ఆనకట్టను చుట్టి పక్కనుంచి వచ్చేస్తాయి. కరెంటు కూడా పడిపోయే ఎత్తును బట్టి, పారే నీటిని బట్టి వస్తుంది. ఎత్తే లేనిచోట వచ్చేది దీపం వత్తికి సరిపోదు. నది అడుగున రెండు మీటర్ల మట్టి దిమ్మ లేపండి, దానిమీద పొడవాటి వంతెన వెయ్యండి. నీళ్లు దిమ్మ దాటి దూకుతాయి, పైన రోడ్డు పోతుంది. అసలైనదీ అదే పని చేస్తుంది, గేట్లు తప్ప. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కూడా తక్కువ ఎత్తుదే, నీళ్లు దానిమీంచి పోయేవి. 1982 నాటి బ్యారేజీకి గేట్లు వచ్చాయి.

మురుగు గొట్టం దిమ్మకు దిగువన, తాగునీటి పంపు ఎగువన. పంపు కిందికి వెళ్తే ఊరంతా జబ్బు. ఏరు చదునుగా ఉంటే మురుగు కొంత వెనక్కి కూడా పాకుతుంది, కాబట్టి రెండిటి మధ్య కనీసం కిలోమీటరు ఎడం ఉంచండి.

#14 బోదె_గట్టు
గేట్లే కావాలంటే టింబర్‌బోర్న్ చూడండి. బీవర్ల (చెట్లు కొరికి ఏటికి అడ్డుకట్ట వేసే జంతువుల) ఊరు కట్టే గేమ్ అని నవ్వకండి. తూముల మట్టం అర మీటరు చొప్పున ఎత్తి దించవచ్చు, పక్కపక్క గేట్లను జత చేసి ఒకేసారి కదిలించవచ్చు. ఎండకాలం వస్తుందని ముందే తెలుస్తుంది, ఆలోపు నీళ్లు నిల్వ చెయ్యాలి. కొత్తవాళ్లు చేసే తప్పు: నీళ్లు ఎక్కువ కనిపించాలని వెడల్పుగా, లోతు తక్కువగా చెరువు తవ్వుతారు. ఆవిరి పైభాగం వైశాల్యాన్ని బట్టి పోతుంది. అంతే నీటిని సన్నగా, లోతుగా నిలబెడితే సగం ఎండ గడిచాకా మిగులుతాయి. ఇంకోటి, చిన్న ఆనకట్ట దిమ్మ నిండు మీటరు ఆపదు, 0.65 దగ్గరే పొర్లుతుంది. ఒక మెట్టు లోతు అనుకుని లెక్కేస్తే మూడో వంతుకు పైగా తగ్గిపోతాయి.

పట్నం మాత్రం రాదు. ట్రాఫిక్ అనే మాటే లేదు.

#15 మెరక_వీధి
సోవియట్ రిపబ్లిక్ గేమ్‌ని అందరూ మర్చిపోయారు. వర్కర్స్ అండ్ రిసోర్సెస్ అని పేరు, 2024 జూన్‌లో పూర్తి వెర్షన్ వచ్చింది. నది అందులో కదలదు, అది ముందే చెప్పేస్తున్నాను. కానీ డెల్టా కష్టం ఒకటి అందులో మాత్రమే ఉంది: మురుగు వాలుకు పారాలి. గొట్టం చివర మొదలు కన్నా కింద ఉండాలి. బల్లపరుపు నేల మీద కొంత దూరం పోయేసరికి గొట్టం దిగడానికి చోటుండదు, అక్కడ ఎత్తిపోసే పంపు కట్టాలి, దానికి కరెంటు కావాలి. అమలాపురమైనా భీమవరమైనా డ్రెయిన్ల గొడవ ఎందుకో ఈ గేమ్ ఆడితే అర్థమవుతుంది.

వాస్తవిక పద్ధతి ఎంచుకుంటే డబ్బిచ్చి భవనం మొలిపించడం కుదరదు. కంకర లారీ, సిమెంటు, ఇటుక, క్రేను, కూలీల బస్సు అన్నీ చేరాలి. మొదట సరిహద్దు చెక్‌పోస్టు పక్కనే నిర్మాణ కార్యాలయం, తర్వాత కంకర రోడ్డు, ఆ తర్వాతే ఇళ్లు. ఇంటి నుంచి బస్సు స్టాపు 400 మీటర్లు దాటితే ఎవడూ నడవడు, ఫ్యాక్టరీ ఖాళీ. చలి, ఇళ్లు వెచ్చజేసే లెక్కను సెట్టింగులో ఆపేయండి. మనకెందుకండీ అది.

#16 పూతరేకు_216
అన్నో 1800 గురించి ఎవరో అడగకముందే: అది లెక్కల గేమ్, రెండు గోధుమ పొలాలు, ఒక పిండి మర, రెండు రొట్టె బట్టీలు అని నిష్పత్తులు కుదుర్చుకోవడం. బాగుంటుంది, కానీ ద్వీపాల ఆట. మన చర్చ అది కాదు.

స్కైలైన్స్ 1 తీసుకుంటే జనాభా గురించి ఒక్క హెచ్చరిక. గేమ్‌కు లోపలి హద్దులున్నాయి: ఒకేసారి కదిలే బళ్లు 16,384, కనిపించే మనుషులు 65,536, భవనాలు 49,152. బళ్ల హద్దు తగిలితే లోపం అని సందేశమేమీ రాదు. ఊరికే చెత్త లారీ బయలుదేరదు, అంబులెన్సు రాదు. అప్పుడు మరిన్ని డిపోలు కట్టకండి, రైలు, బస్సు పెంచి కార్లు తగ్గించండి.

ఒకేసారి పెద్ద పేట అంతా ఇళ్లకు కేటాయిస్తే వచ్చేవాళ్లందరూ దాదాపు ఒకే వయసు, కాబట్టి పోయేదీ ఒకేసారి. ఆ వారం శవవాహనాలు సరిపోవు, ఇళ్లు ఖాళీ అవుతాయి. వీధి తర్వాత వీధి, కొంచెం వ్యవధి ఇచ్చి తెరవండి.

#17 గేటు_నంబరు_175
వంతెన చివర సంగతి కూడా చెప్పాలి. రావులపాలెంలాగ ఒకే వంతెన మీద జాతీయ రహదారి, ఊరి బళ్లు కలిసి వస్తే, దిగగానే సిగ్నల్ కూడలి పెట్టొద్దు. ఆగిన బళ్ల బారు వంతెన మీదికే పెరుగుతుంది. రహదారిని పైనుంచి తిన్నగా పోనిచ్చి, ఊరి దారిని పక్కకు దించండి. ట్రాఫిక్ మేనేజర్ మోడ్ ఉంటే కూడలిలో ఆగిన బండి వెనక ఇంకోటి చొరబడకుండా నిషేధం పెట్టండి, వరస బాణాలు చేత్తో గీయండి. ఈ రెండిటితోనే సగం ఇరుకు తగ్గుతుంది.

#18 మెరక_వీధి
ఇన్వర్టరు మీద ఆడేవాళ్లకు: వెనక ఉన్న మీట యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. మామూలు వైపు ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ క్షణంలో డెస్క్‌టాప్ ఆరిపోతుంది. దాచుతున్న సమయంలో ఆరితే ఫైలు పాడవుతుంది. ఒకే పేరు మీద దాచకండి, మూడు పేర్లు తిప్పుతూ ఉండండి.

#19 అరటి_గెల
అడుగు వాలు చేశాక నిలబడిందండి. 44 నుంచి 28, చెప్పినట్టే. వసిష్ఠ నోరు మీటరు లోతు చేశాక రెండు పాయల్లోనూ నీళ్లున్నాయి. స్కైలైన్స్ 1కే ఖాయం చేసుకున్నాను. ఒక్క అనుమానం: మద్దూరు వైపు దిమ్మ కింద నీళ్లు సుడి తిరిగి ఒడ్డు దాటి చిమ్ముతున్నాయి. మిగతా మూడు చోట్లా లేదు.

#20 లాకుల_గుమాస్తా
అక్కడ దిమ్మ నదికి ఏటవాలుగా పడి ఉంటుంది. నీరు దిమ్మ గీతకు లంబంగా దూకుతుంది కాబట్టి ఒక ఒడ్డుకే కొడుతోంది. దిమ్మను ప్రవాహానికి అడ్డంగా తిప్పండి. తిప్పడానికి చోటు లేకపోతే ఆ ఒడ్డున మూడు గడుల దూరం అడుగును రెండు మీటర్లు దించి, పైన క్వే గోడ (ఒడ్డు వెంట నిలువుగా కట్టే గోడ) వెయ్యండి.